వెల 475 డాలర్లు... పేరు మెల్వీనియా!

తాత పేరు అందరికీ తెలుసు. ముత్తాత పేరు ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. మరి ఆ ముత్తాతకు నాయనమ్మ ఎవరు? ఏ ఊళ్లో పుట్టింది? ఏం పని చేసింది? ఇలా అడుగుతూ పోతే ఎవరైనా తెల్లమొహం వేయాల్సిందే. అమెరికా ప్రథమ మహిళగా శ్వేతసౌధంలో అడుగుపెట్టేనాటికి మిషెల్‌ ఒబామాకూ జవాబు తెలియదు. పాత కాగితాల దుమ్ము దులిపిన పరిశోధకులు చివరికి ఆ పేరును పట్టుకున్నారు. అది కనిపించింది ఏ కుటుంబ చిత్రపటం వెనకో, బైబిల్‌ అట్ట లోపలో కాదు. ఓ భూస్వామి రాసిన ఆస్తుల జాబితాలో... రాట్నాలూ కొడవళ్లూ పశువుల పక్కన!

అది 1850. దక్షిణ కరోలినా రాష్ట్రంలోని స్పార్టన్‌బర్గ్‌ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. అక్కడ డేవిడ్‌ ప్యాటర్సన్‌ అనే వయసు మళ్లిన భూస్వామి వీలునామా రాశాడు. ఇంట్లోని రాట్నాలు ఎవరికి, కొడవళ్లు ఎవరికి, బల్లగుడ్డలు ఎవరికి, గొడ్డూగోదా ఎవరికి... అన్నీ పూసగుచ్చినట్టు పంచాడు. ఆయన ఆస్తిలో 21 మంది మనుషులు కూడా ఉన్నారు. వాళ్లు బానిసలు. వాళ్లలో ఓ ఆరేళ్ల పసిపిల్ల ఉంది. వీలునామాలో ఆ పాపను 'నీగ్రో పిల్ల మెల్వీనియా' అని రాశారు. ఇంటిపేరు లేదు. తల్లి పేరు లేదు. తండ్రి పేరు లేదు.

ప్యాటర్సన్‌ 1852లో చనిపోయాడు. ఆస్తి పంపకానికి ముందు ఒక్కో వస్తువుకీ ఒక్కో మనిషికీ విలువ కట్టారు. మెల్వీనియా పేరుకు ఎదురుగా వేసిన అంకె- 475 డాలర్లు. అప్పటికి ఆ పాపకు ఎనిమిదేళ్లు ఉంటాయి.

సరిగ్గా 157 ఏళ్ల తర్వాత, 2009లో ఆ పాప వంశంలో ఆరోతరం అమ్మాయి శ్వేతసౌధంలో కాపురం పెట్టింది.

వెనక్కి... వెనక్కి...

ఒబామా దంపతులు శ్వేతసౌధానికి వచ్చిన ఏడాదే, 2009 అక్టోబరులో, 'న్యూయార్క్‌ టైమ్స్‌' మొదటిసారి ఈ కథను బయటపెట్టింది. వంశవృక్షాలను శోధించడమే వృత్తిగా చేసుకున్న మేగన్‌ స్మోలెన్యాక్‌ రికార్డులు వెతికితే, పాత్రికేయులు రేచెల్‌ స్వార్న్స్‌, జోడీ కాంటర్‌ ఆ వివరాలతో కథనం రాశారు. తమ పూర్వీకుల్లో తెల్లవాళ్లు ఉన్నారన్న గుసగుసలు మిషెల్‌ కుటుంబంలో చాలాకాలంగా ఉన్నాయి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నది మాత్రం ఎవరికీ తెలియదు.

వంశాన్ని వెతికేవాళ్లకు ఓ సూత్రం ఉంది. తెలిసినవాళ్లతో మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్లాలి. మధ్యలో ఒక్క మెట్టు కూడా దాటేయకూడదు. మిషెల్‌ తల్లి మరియన్‌ 1937లో చికాగోలో పుట్టారు. మనవరాళ్లను చూసుకోవడానికి శ్వేతసౌధానికి వచ్చి ఉన్న అమ్మమ్మగా ప్రపంచానికి తెలిసినావిడ. 2024లో కన్నుమూశారు. మరియన్‌ తండ్రి పర్నెల్‌ షీల్డ్స్‌. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌ నుంచి చికాగో వలస వచ్చి, ఇళ్లకు రంగులు వేసి బతికాడు. పర్నెల్‌ తండ్రి రాబర్ట్‌ లీ షీల్డ్స్‌ రైళ్లలో సామాన్లు మోసే పోర్టరు. ముప్ఫై రెండేళ్ల వయసు వచ్చేసరికి ఆయన రికార్డుల్లోంచి మాయమైపోయాడు. ఏమయ్యాడో ఏ కాగితమూ చెప్పలేదు. ఆ రాబర్ట్‌ లీ తండ్రి డాల్ఫస్‌ షీల్డ్స్‌. బర్మింగ్‌హామ్‌లో పేరున్న వడ్రంగి. డాల్ఫస్‌ తల్లి... మెల్వీనియా.

అంటే మిషెల్‌ ముత్తాతకు నాయనమ్మ అన్నమాట!

చెప్పుకోవడానికి నాలుగు వాక్యాలే. కానీ ఒక్కో పేరును పక్కపేరుతో ముడివేయడానికి జనన మరణ ధ్రువపత్రాలు, పెళ్లి నమోదులు, జనాభా లెక్కలు, పాత పత్రికలు... ఇలా ఎన్నో కాగితాలు ఒకే మాట చెప్పాలి. ఒకే పేరున్న ఇద్దరు ఒకే కౌంటీలో ఉండొచ్చు. ఒకే మనిషి పేరును రెండు లెక్కల్లో రెండు రకాలుగా రాసి ఉండొచ్చు. లెక్కలు రాసే ఉద్యోగి గుమ్మంలో నిలబడి, చెవిన పడ్డది పడ్డట్టు రాసుకుపోయేవాడు. చదువురాని ఇంటివాళ్లు అతను ఏం రాశాడో సరిచూడలేరు. అందుకే అక్షరం తేడా ఉన్నంత మాత్రాన ఆ మనిషి కాదనడానికి లేదు. అక్షరం కలిసినంత మాత్రాన అవుననడానికీ లేదు.

ఆ గోడ పేరు 1870

అమెరికాలో జనాభా లెక్కలు 1790లో మొదలయ్యాయి. పదేళ్లకోసారి తప్పకుండా లెక్క పెడతారు. అయితే 1840 వరకూ ఇంటి యజమాని పేరు ఒక్కటే రాసేవారు. మిగతావాళ్లు ఎందరో అంకెల్లో చూపించేవారు. 1850లో పద్ధతి మార్చి ఇంట్లో అందరి పేర్లూ రాయడం మొదలుపెట్టారు. అందరూ అంటే స్వేచ్ఛగా ఉన్నవాళ్లందరూ. బానిసలకు వేరే పుస్తకం. అందులో యజమాని పేరు ఉంటుంది. దాని కింద ఒక్కో బానిసకు ఒక్కో వరస. వయసు, ఆడో మగో, రంగు. అంతే. పేరు రాయాల్సిన అవసరమే లేదనుకున్నారు. 1860 నాటికి అమెరికాలో అలాంటి పేరులేని వరసలు దాదాపు నలభై లక్షలు!

అంతర్యుద్ధం ముగిసింది. 1865 డిసెంబరులో రాజ్యాంగానికి పదమూడో సవరణ అమల్లోకి వచ్చి బానిసత్వం రద్దయింది. ఆ తర్వాత వచ్చిన 1870 లెక్కల్లో మొదటిసారి మాజీ బానిసలందరికీ పేరూ ఇంటిపేరూ దక్కాయి. అందుకే తమ వంశం కోసం వెతికే నల్లజాతి అమెరికన్లు ఎవరైనా 1870 దాకా ఎలాగోలా వెళ్లగలుగుతారు. అక్కడ తల గోడకు కొట్టుకున్నట్టు అవుతుంది. దాన్నే వాళ్లు '1870 గోడ' అంటారు.

ఆ గోడకు అవతల ఏముందో చూడాలంటే ఒకటే దారి. నల్లవాళ్ల కోసం కాదు, వాళ్ల యజమానుల కోసం వెతకాలి. బానిస చట్టం దృష్టిలో ఆస్తి. ఆస్తి అన్నాక దానికి కాగితాలు ఉంటాయి. వీలునామాలు, వారసుల పంపకాలు, అమ్మకపు దస్తావేజులు, అప్పుకు పెట్టిన తాకట్టు పత్రాలు, పన్ను లెక్కలు... వీటిలో బానిసల పేర్లు కనిపిస్తాయి. మనిషి పేరును మనిషిగా రాసుకోని వ్యవస్థ, సరుకుగా మాత్రం జాగ్రత్తగా రాసిపెట్టుకుంది. మెల్వీనియాను వస్తువుగా మార్చిన కాగితమే ఆమె పేరును కాపాడింది. ఇంతకన్నా విడ్డూరం ఏముంటుంది!

ఓ పిల్ల... 300 కిలోమీటర్లు...

ప్యాటర్సన్‌ పోయాక మెల్వీనియాను ఆయన కూతురు, అల్లుడి దగ్గరికి పంపించేశారు. అల్లుడి పేరు హెన్రీ షీల్డ్స్‌. ఊరు జార్జియా రాష్ట్రంలో అట్లాంటాకు దగ్గర్లోని క్లేటన్‌ కౌంటీ. పుట్టినచోటికి దాదాపు 300 కిలోమీటర్ల దూరం. ప్యాటర్సన్‌ లోగిలిలో 21 మంది మధ్య ఉన్న పిల్ల, షీల్డ్స్‌ ఇంట్లో ముగ్గురు బానిసల్లో ఒకతె అయింది. తెలిసిన మొహాలు లేవు. ఆడించే చేతులు లేవు.

అమెరికా బానిసత్వం అనగానే వేల ఎకరాల పత్తితోటలు, పెద్ద పెద్ద స్తంభాల మేడలు కళ్లముందు కదులుతాయి. సినిమాలు అలా అలవాటు చేశాయి. షీల్డ్స్‌ది అంత వైభోగమేమీ కాదు. 200 ఎకరాల పొలం. గోధుమలు, మొక్కజొన్న, చిలగడదుంప, పత్తి పండించేవారు. ఇలాంటి చిన్న కమతాల్లో యజమాని కుటుంబం, బానిసలు పక్కపక్కనే పనిచేసేవారు. ఇంటి చాకిరీ, పొలం పని... రెండూ మెల్వీనియా నెత్తిన పడి ఉంటాయి. తప్పించుకుని దాక్కోవడానికి చోటుండని ఇల్లు అది.

1859 ప్రాంతంలో ఆమెకు మొదటి బిడ్డ పుట్టాడు. డాల్ఫస్‌. అప్పటికి మెల్వీనియాకు పదిహేనేళ్లు. 1870 లెక్కల్లో ఆమెకు నలుగురు పిల్లలు. ముగ్గురి పేర్ల పక్కన రంగు గడిలో 'ములాటో' అని ఉంది. నల్ల, తెల్ల జాతుల కలయికతో పుట్టినవాళ్లను ఆ రోజుల్లో అలా రాసేవారు. అంటే తండ్రి తెల్లవాడు. ఎవరు? హెన్రీ షీల్డ్సా? 1860 నాటికి పందొమ్మిది నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య వయసున్న ఆయన నలుగురు కొడుకుల్లో ఒకరా? లేక బయటివాళ్లా? లెక్కల పుస్తకంలో దానికి గడి లేదు.

బలవంతమా, భయమా, మరొకటా అన్న ప్రశ్నకూ కాగితాల్లో జవాబు లేదు. ఒక్కటి మాత్రం తెలుసు. యజమాని ఇంటి మగవాడిని కాదనే హక్కు అప్పటి చట్టంలో బానిస స్త్రీకి లేదు. పదిహేనేళ్ల పిల్లకు 'ఇష్టం' అనే మాట ఉందా లేదా అని అడిగినవాళ్లే లేరు.

స్వేచ్ఛ వచ్చింది... ఎక్కడికెళ్లాలి?

బానిసత్వం రద్దయ్యాక కూడా మెల్వీనియా వెంటనే ఎక్కడికీ వెళ్లలేదు. హెన్రీ కొడుకుల్లో ఒకడైన చార్లెస్‌ పొలం పక్కనే కూలిపని చేసుకుంటూ బతికింది. ఆమె పిల్లల్లో ఒకరు బానిసత్వం పోయిన నాలుగేళ్లకు పుట్టారు. పిల్లలకు షీల్డ్స్‌ అన్న ఇంటిపేరు పెట్టుకుంది. అది తండ్రిని గుర్తుచేయడానికా, పాత యజమాని ఇంటిపేరును తగిలించుకునే అప్పటి అలవాటా అన్నది ఆమెకే తెలియాలి.

ఎందుకు వెళ్లలేదని ఇప్పుడు అడగడం తేలికే. చేతిలో పైసా లేదు, చదువు లేదు. చంకలో పిల్లలు. పుట్టిన ఊరు 300 కిలోమీటర్ల అవతల. అయినవాళ్లు ఎక్కడున్నారో తెలియదు. ఆ రోజుల్లో లక్షలాది మందిది ఇదే పరిస్థితి. అంతర్యుద్ధానికి ముందు దశాబ్దాల్లో దక్షిణాదిలో ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అమ్ముడుపోయినవాళ్లు, తరలించినవాళ్లు దాదాపు పది లక్షల మంది ఉంటారని చరిత్రకారుల అంచనా. స్వేచ్ఛ రాగానే చాలామంది చేసిన మొదటి పని- అమ్మను, బిడ్డను, తోబుట్టువులను వెతుక్కోవడం. పత్రికల్లో ప్రకటనలు ఇచ్చేవారు. 'ఫలానా ఊళ్లో ఫలానా దొర దగ్గర ఉన్న మా అమ్మను ఫలానా ఏడాదిలో అమ్మేశారు. ఆచూకీ తెలిస్తే చెప్పండి' అన్నట్టు ఉండేవవి. న్యూ ఓర్లీన్స్‌ నుంచి వచ్చే ఓ చర్చి పత్రిక 1879 నుంచి దీనికోసం ప్రత్యేకంగా ఓ శీర్షికే నడిపింది. ఒక్కో ప్రకటనకు యాభై సెంట్లు. చదువురానివాళ్ల కోసం ఆదివారం ప్రార్థనల్లో పాస్టర్లు వాటిని పైకి చదివి వినిపించేవారు.

మెల్వీనియాకు ఆ అదృష్టం కాస్త దక్కింది. ముప్ఫైల్లోనో నలభైల్లోనో ఆమె ఆ పొలం వదిలి, జార్జియాకు ఉత్తరాన అలబామా సరిహద్దు వైపు వెళ్లిపోయింది. అక్కడ మరయా, బోలస్‌ ఈస్లీ అనే దంపతులు ఉన్నారు. వాళ్లెవరో కాదు... చిన్నప్పుడు ప్యాటర్సన్‌ లోగిలిలో ఆమెతోపాటు బానిసలుగా ఉన్నవాళ్లే! విడదీసిన ఇన్నేళ్లకు మళ్లీ ఒకచోట చేరారు. డాల్ఫస్‌ పెరిగి పెద్దవాడై ఈస్లీ దంపతుల కూతురు ఆలిస్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఒకే యజమాని జాబితాలో పేర్లుగా ఉన్నవాళ్లు చివరికి వియ్యంకులయ్యారు.

వడ్రంగి డాల్ఫస్‌

ఇనుము పరిశ్రమ పుణ్యమా అని 1880ల్లో బర్మింగ్‌హామ్‌ పట్టణం చూస్తుండగానే పెరిగిపోయింది. డాల్ఫస్‌ 1888 ప్రాంతంలో అక్కడికి చేరాడు. ఇక్కడ పరిశోధకులకు మరో చిక్కు. సరిగ్గా ఆ కాలాన్ని పట్టి చూపాల్సిన 1890 జనాభా లెక్కలు దాదాపుగా లేవు. 1921 జనవరిలో వాషింగ్టన్‌లోని వాణిజ్య శాఖ భవనంలో మంటలు లేచి చాలావరకు పాడైపోయాయి. మిగిలినవాటిని తర్వాత ప్రభుత్వమే వదిలించుకుంది. దాంతో 1880కీ 1900కీ మధ్య ఇరవై ఏళ్లు చీకటి. ఆ చీకట్లోనే ఎందరో ఊళ్లు మారారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, చనిపోయారు.

1900 లెక్కల్లో డాల్ఫస్‌ మళ్లీ కనిపించేసరికి ఆయన రాతే మారిపోయింది. చదవడం వచ్చా? వచ్చు. రాయడం? వచ్చు. ఇల్లు అద్దెదా, సొంతమా? సొంతం. బానిసగా పుట్టిన మనిషి నలభై ఏళ్లకల్లా సంపాదించుకున్న మూడు జవాబులవి. తర్వాత సొంతంగా వడ్రంగి దుకాణం పెట్టాడు, పనిముట్లకు పదును పెట్టేవాడు. తెల్లవాళ్లూ ఆయన కొట్టుకు వచ్చేవారు. ఊళ్లో రెండు బాప్టిస్టు చర్చిల స్థాపనలో ఆయన చెయ్యి ఉంది. 1950లో, తొంభై ఏళ్లు దాటాక కన్నుమూశాడు. నల్లజాతి పత్రిక 'బర్మింగ్‌హామ్‌ వరల్డ్‌' ఆ వార్తను మొదటి పేజీలో వేసింది. అదే సంచికలో మరో వార్త- రైళ్లలోని భోజనశాలల్లో, ఉన్నత చదువుల్లో జాతి విచక్షణ చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పు!

మెల్వీనియా అంతకు పన్నెండేళ్ల ముందే, 1938లో ఉత్తర జార్జియాలోని కింగ్‌స్టన్‌లో తొంభై ఏళ్లు దాటిన వయసులో పోయింది. జార్జియాలో రాష్ట్రమంతటా మరణాల నమోదు 1919లో మొదలైంది కాబట్టి ఆమెకు మరణ ధ్రువపత్రం ఉంది. అందులో తల్లిదండ్రుల పేర్లు రాయాల్సిన చోట బంధువు చెప్పిన మాట ఒకటే: 'తెలియదు'.

రక్తం చెప్పిన సాక్ష్యం

కాగితాలు ఆగిపోయిన చోట డీఎన్‌ఏ అందుకుంది. రేచెల్‌ స్వార్న్స్‌ 2009 కథనంతో ఆగిపోలేదు. హెన్రీ షీల్డ్స్‌ తెల్లజాతి వారసులను, మెల్వీనియా నల్లజాతి వారసులను వెతికి, కొందరిని డీఎన్‌ఏ పరీక్షకు ఒప్పించారు. రెండు వైపులవాళ్లూ రక్తసంబంధీకులేనని తేలింది. పరీక్ష చెప్పేది అంతవరకే. అన్నదమ్ముల్లో ఫలానావాడే తండ్రి అని అది వేలుపెట్టి చూపలేదు. వయసులు, ఉన్న ఊళ్లు, పొలం సరిహద్దులు... అన్నీ పక్కపక్కన పెట్టి చూశాక డాల్ఫస్‌ తండ్రి చాలావరకు హెన్రీ కొడుకు చార్లెస్‌ మారియన్‌ షీల్డ్సే అయి ఉంటాడన్న నిర్ణయానికి వచ్చారామె. బానిసత్వం పోయాకా మెల్వీనియా ఎవరి పొలం పక్కన కూలి చేసిందో, ఆ చార్లెస్‌! 2012లో వచ్చిన ఆమె పుస్తకం 'అమెరికన్‌ టాపెస్ట్రీ'లో ఈ కథంతా ఉంది.

ఈ నిజం రెండు ఇళ్లకూ మింగుడుపడేది కాదు. ఒకరికి తమ ముత్తవ్వ పడ్డ అవమానం, మరొకరికి తమ ముత్తాత చేసిన పని. ఇన్నేళ్లూ మాటల్లోకి రానిది ఒక్కసారిగా ప్రపంచమంతా చదివే వార్త అయింది. అయినా 2012 జూన్‌లో క్లేటన్‌ కౌంటీలోని రెక్స్‌ గ్రామంలో మెల్వీనియా స్మారక ఫలకాన్ని ఆవిష్కరించినప్పుడు రెండు శాఖలవాళ్లూ వచ్చారు. ఒకప్పుడు ఆ పరిసరాల పొలంలో ఒకరు యజమానులు, ఒకరు బానిసలు. ఆరోజు... దూరపు చుట్టాలు!

ఇటు మెల్వీనియా... అటు ఫాల్మత్‌

శ్వేతసౌధంలో ఆ దంపతులిద్దరి వంశాలనూ పక్కపక్కన పెడితే మరో ఆశ్చర్యం కనిపిస్తుంది. బరాక్‌ ఒబామా తండ్రి కెన్యావాసి. తల్లి తెల్లజాతి అమెరికన్‌. ఆ తల్లి వైపు వెనక్కి వెళితే ఒబామా ముత్తాతకు మాతామహుడు ఫాల్మత్‌ కీర్నీ తగులుతాడు. ఐర్లండ్‌లోని మనీగాల్‌ అనే చిన్న ఊళ్లో బూట్లు కుట్టే ఇంటి కుర్రాడు. ఆలుగడ్డ పంటకు తెగులు సోకి ఐర్లండ్‌ ఆకలితో అల్లాడిన కాలమది. పంతొమ్మిదేళ్ల ఫాల్మత్‌ ఓడెక్కి న్యూయార్క్‌లో దిగాడు. ఏ సంవత్సరమో తెలుసా? 1850! అక్కడ మెల్వీనియా పేరు వీలునామాలోకి ఎక్కిన ఏడాదే.

ఫాల్మత్‌ ఒహాయో చేరి, తర్వాత ఇండియానా పల్లెలో వ్యవసాయం చేసి 1878లో చనిపోయాడు. అతని మూలాలనూ స్మోలెన్యాకే 2007లో బయటపెట్టారు. ఓడ ప్రయాణికుల జాబితాలో అతని పేరుంది. జనాభా లెక్కల్లో పేరుంది. ఐర్లండ్‌ చర్చి పుస్తకాల్లో ఆ కుటుంబం ఆనవాళ్లున్నాయి. వాటిని పట్టుకుని ఊరి పేరు దాకా వెళ్లగలిగారు. 2011 మే నెలలో ఒబామా దంపతులు మనీగాల్‌ వెళితే ఊరు ఊరంతా వీధిలోకి వచ్చి స్వాగతం పలికింది.

ఇద్దరూ పల్లెవాళ్లే. ఇద్దరూ పేదవాళ్లే. ఇద్దరూ పొలం పని చేసి బతికినవాళ్లే. ఒకరి కథ ఓడ జాబితాతో మొదలైంది, రెండోవారిది ధరల జాబితాతో. ఫాల్మత్‌ తండ్రి పేరు తెలుసు, తాతల ఊరు తెలుసు. మెల్వీనియా తల్లిదండ్రుల దగ్గర ఆ దారే మూసుకుపోయింది. పేదరికం ఒకటే అయినా చరిత్ర పుస్తకంలో ఇద్దరికీ దక్కిన చోటు ఒకటి కాదు.

ఎక్కడ వెతుకుతారు?

అమెరికాలో పాతకాలపు పల్లె పూర్వీకుల కోసం వెతికేవాళ్లు సాధారణంగా పట్టే దారులివి.

* ముందు ఇంట్లో పెద్దవాళ్లు. వాళ్లు చెప్పేవన్నీ నిజం కానక్కర్లేదు. కానీ ఊరి పేరు, వృత్తి, వెళ్లిన చర్చి... వెతకడానికి ఏదో ఒక కొస దొరుకుతుంది.

* తర్వాత జనాభా లెక్కలు. ఒక్కో మనిషి వివరాలను 72 ఏళ్లపాటు గుప్తంగా ఉంచుతారు. ఆ గడువు తీరాకే జాతీయ ఆర్కైవ్స్‌ బయటపెడుతుంది. 1950 లెక్కలు అలా 2022 ఏప్రిల్‌ 1న అందరికీ అందుబాటులోకి వచ్చాయి. 1880 నుంచి ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారో కూడా రాశారు. 1900 లెక్కల్లో ప్రతి తల్లినీ ఎందరిని కన్నావు, ఎందరు మిగిలారు అని అడిగారు. ఆ రెండు అంకెల మధ్య తేడా చూస్తే గుండె తరుక్కుపోతుంది.

* కౌంటీ కోర్టులు. భూముల దస్తావేజులు, వీలునామాలు, పెళ్లి అనుమతులు అక్కడే ఉంటాయి. పన్నుల పుస్తకాల్లో పేరు కనిపించకుండా పోయిందంటే మనిషి పోయాడనో, ఊరు మారాడనో అర్థం.

* ఫ్రీడ్‌మెన్స్‌ బ్యూరో. మాజీ బానిసలకు సాయం చేయడానికి 1865లో పెట్టిన ప్రభుత్వ విభాగమిది. కూలి ఒప్పందాలు, పెళ్లి నమోదులు, ఆసుపత్రి చీటీలు... అన్నీ దాని దస్త్రాల్లో ఉన్నాయి. వేలాది మంది స్వచ్ఛందంగా కూర్చుని వాటిలోని దాదాపు 18 లక్షల పేర్లకు సూచిక తయారుచేశారు. ఆ పని 2016లో పూర్తయింది.

* ఫ్రీడ్‌మన్స్‌ బ్యాంకు. అదే 1865లో మాజీ బానిసల పొదుపు కోసం మొదలై 1874లో మూతపడింది. పేదల కష్టార్జితం గల్లంతయింది. కానీ ఖాతా తెరిచేటప్పుడు తల్లిదండ్రులు, తోబుట్టువులు, పాత యజమాని పేర్లు అడిగి రాసుకున్నారు. డబ్బు పోయింది... పేర్లు మిగిలాయి! చిత్రమేమిటంటే దాదాపు నాలుగు లక్షల ఎనభై వేల ఆ పేర్లను ఏరి వరసగా పేర్చింది యూటా రాష్ట్ర జైల్లోని ఖైదీలు. పదకొండేళ్లు పట్టింది. 2001లో ఆ జాబితా సీడీగా వచ్చింది.

* ఫ్యామిలీసెర్చ్‌. మార్మన్‌ చర్చి నడిపే ఈ సంస్థ మూలాలు 1894లో ఉన్నాయి. సాల్ట్‌లేక్‌ సిటీలో పెద్ద గ్రంథాలయం ఉంది. ఇంటర్నెట్‌లో కోట్లాది రికార్డులను ఉచితంగా చూడొచ్చు.

* చివరగా డీఎన్‌ఏ. ముత్తాతకు నాయనమ్మ నుంచి మనకొచ్చే వాటా సగటున ముప్ఫై రెండింట ఒక వంతు. అందుకే పరీక్ష ఒక్కటే చాలదు. అది బంధుత్వం ఉందని చెబుతుంది, ఆ బంధుత్వం పేరేమిటో కాగితాలే చెప్పాలి.

ఏడో తరం

వంశాన్ని వెతుక్కోవాలన్న తపన నల్లజాతి అమెరికన్లలో ఒక్కసారిగా రగిలించిన పుస్తకం అలెక్స్‌ హేలీ 'రూట్స్‌'. 1976లో వచ్చింది. ఆ మరుసటి ఏడాది టీవీ ధారావాహికగా కోట్లాది మంది చూశారు. సహవాసి అనువాదంతో తెలుగువాళ్లకూ అది 'ఏడు తరాలు'గా దగ్గరైంది. హేలీ చెప్పిన వంశక్రమానికీ రికార్డులకూ చాలాచోట్ల పొంతన లేదని తర్వాత పరిశోధకులు తేల్చారు. అయినా ఆ పుస్తకం చేసిన మేలు చెరిగిపోలేదు. 'మనకీ ఓ కథ ఉంటుంది' అన్న ఆశను అది ఇంటింటికీ చేర్చింది. కథ చెప్పడం వేరు, ఒక్కో తరాన్నీ కాగితంతో రుజువు చేయడం వేరు అన్న జాగ్రత్తనూ నేర్పింది. మెల్వీనియా కోసం వెతికినవాళ్లు పట్టుకున్నది ఆ జాగ్రత్తనే.

మెల్వీనియా, డాల్ఫస్‌, రాబర్ట్‌ లీ, పర్నెల్‌, మరియన్‌, మిషెల్‌... ఆ వరసలో ఒబామా కూతుళ్లు మలియా, సాషాలది ఏడో తరం. 2016లో డెమొక్రటిక్‌ పార్టీ సభలో మాట్లాడుతూ మిషెల్‌ ఆ సంగతే గుర్తుచేశారు. బానిసలు కట్టిన ఇంట్లో తాను రోజూ నిద్ర లేస్తున్నాననీ, ఆ పచ్చికలో తన కూతుళ్లు కుక్కపిల్లలతో ఆడుకుంటుంటే చూస్తున్నాననీ ఆమె అన్నప్పుడు సభ లేచి నిలబడింది.

ఏడు తరాల్లో ఇంత దూరం వచ్చిన ఆ కుటుంబానికి మొదటి తరం గురించి ఎవరూ చెప్పలేదు. మెల్వీనియా తొంభై ఏళ్లకుపైగా బతికింది. డాల్ఫస్‌ అంతకు తక్కువేం బతకలేదు. అడిగే అవకాశం కొడుకులకు ఉంది, మనవలకు ఉంది. బహుశా వాళ్లు అడిగి ఉండరు. అడిగినా ఆమె చెప్పి ఉండదు. కొన్ని గాయాలను మౌనంతోనే కట్టుకడతారు. ఆ మౌనాన్ని విప్పడానికి వీలునామాలు, లెక్కల పుస్తకాలు, చివరికి డీఎన్‌ఏ పరీక్షలు కావాల్సి వచ్చాయి. అయినా ఆమె తల్లి పేరేమిటో, ఎనిమిదేళ్ల పిల్లను బండెక్కించి పంపేస్తుంటే ఆ తల్లి అక్కడే ఉందో లేదో ఏ కాగితమూ చెప్పలేకపోయింది.

మెల్వీనియాను అడిగి రాసుకునేవాళ్లు అప్పట్లో లేరు. మనింట్లో చెప్పే పెద్దలున్నారు, రాసుకునే పిల్లలున్నారు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడానికి ఆదివారాన్ని మించిన రోజేముంటుంది!